వెనక తేదీ శకునాలు

2012 డిసెంబర్ మొదటివారం. ఆ నెల 21వ తేదీన ప్రపంచం అంతమైపోతుందని టీవీ ఛానళ్ళు ఊదరగొడుతున్న రోజులు. మాయా క్యాలెండర్ అయిపోతోందట, కాబట్టి భూమి కూడా అయిపోతుందట. మన గోడమీద క్యాలెండర్ డిసెంబర్ 31తో అయిపోతే కొత్తది తెచ్చి తగిలించుకుంటాం గానీ చచ్చిపోం కదా అని చెప్పడానికి మా సంఘం తరఫున కొందరం కాలేజీలు తిరిగేవాళ్ళం. నేను అప్పటికింకా సర్వీసులోనే ఉన్నాను. రక్షణ శాఖ అకౌంట్స్‌లో ఉద్యోగం. ఒక క్యాజువల్ లీవు పెట్టి ఒక జూనియర్ కాలేజీకి వెళ్ళాను.

ఉపన్యాసం బాగానే జరిగింది. చివర్లో రెండో వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, వాళ్ళకి ఇంత ముందుచూపు ఉంటే, స్పెయిన్ వాళ్ళు వచ్చి తమని ఓడిస్తారని ముందే తెలియలేదా?"

చాలా మంచి ప్రశ్న. నేను చెప్పిన జవాబు ఇది: "వాళ్ళకి తెలిసింది శకునాలమ్మా, శాస్త్రం కాదు. తోకచుక్క కనపడిందని, గుళ్ళు తగలబడ్డాయని ముందే హడలిపోయారు. అందుకే గుప్పెడు మంది చేతిలో ఓడిపోయి చరిత్రలో కలిసిపోయారు. మూఢనమ్మకం జాతుల్నే తుడిచిపెట్టేస్తుంది."

చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కూర్చుంది. నేను సంతోషంగా బస్సెక్కాను.

ఉద్యోగ విరమణ తర్వాత తీరిక దొరికి చదువుకుంటే తెలిసిందేమిటంటే, ఆ జవాబులో సరైన వాక్యం ఒక్కటి కూడా లేదు. బాబాల మాటలకి ఆధారం అడిగే మనిషిని, నా మాటకి ఆధారం ఉందా అని చూసుకోలేదు. ఆఫీసులో తప్పు పద్దు పడితే దాన్ని కొట్టేయకూడదు, రబ్బరుతో చెరపకూడదు. తప్పు తప్పుగానే కనపడేలా ఉంచి, సరిచేసే పద్దు విడిగా వేయాలి. ఈ వ్యాసం ఆ సరిచేసే పద్దు.

ముందుగా, అమెరికా ఖండపు పాత ప్రజలందర్నీ కలిపి "వాళ్ళు" అనేశాను. మాయాలు ఉన్నది మెక్సికోకి తూర్పున, గ్వాటెమాలా వైపు. తోకచుక్క, తగలబడ్డ గుడి కథలు ప్రధానంగా నడిమి మెక్సికోలోని అజ్టెక్కులవి. ఆ శకునాల సంగతి చూద్దామని పుస్తకాలు తిరగేస్తుంటే, పడమటి మెక్సికోలో ఇంకొక పెద్ద రాజ్యం తగిలింది. దాని పేరు కూడా అంతవరకు నేను వినలేదు. వాళ్ళు పురెపెచాలు. స్పానిష్ వాళ్ళు పెట్టిన పేరు తరాస్కన్లు.

ఇప్పటి మిచోవాకాన్ రాష్ట్రంలో పాట్స్‌క్వారో అనే పెద్ద సరస్సు ఉంది. దాని ఒడ్డున త్సిన్‌త్సున్‌త్సాన్ వాళ్ళ రాజధాని. ఆ మాటకి హమ్మింగ్ బర్డ్‌లుండే చోటు అని అర్థం. అక్కడ ఒకే అరుగుమీద అయిదు రాతి కట్టడాలు వరసగా ఉంటాయి. ఒక్కొక్కటి సగం గుండ్రంగా, సగం పొడుగ్గా, పాతకాలపు తాళంకప్ప కన్నంలా ఉంటుంది. వాటిని యాకాతాలంటారు. రాజ్యం విస్తీర్ణం 75 వేల చదరపు కిలోమీటర్ల పైమాటేనని పరిశోధకుల లెక్క. అంటే ఇప్పటి తెలంగాణలో సుమారు మూడింట రెండు వంతులు. వాళ్ళ భాషకి చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేదు. 1470ల చివర్లో అజ్టెక్ రాజు ఆషాయాకాత్ల్ వేల మంది సైన్యంతో వీళ్ళమీదికొచ్చి, ఎక్కువమందిని పోగొట్టుకుని వెనక్కి పోయాడు. ఆ తర్వాత కూడా అజ్టెక్కులు ఈ రాజ్యాన్ని లొంగదీసుకోలేకపోయారు.

నాలాంటివాడికి ఇంకా నచ్చిన సంగతి ఒకటుంది. వాళ్ళకి లిపి లేదు గానీ లెక్కలున్నాయి. ఒకాంబెచా అనే ఉద్యోగులుండేవారు. ఒక్కొక్కరికి పాతికేసి ఇళ్ళు అప్పగింత. ఆ పాతిక ఇళ్ళ జనాన్ని లెక్కపెట్టడం, పన్ను పోగుచెయ్యడం, రాజుగారి పనికి మనుషుల్ని పిలవడం వాళ్ళ బాధ్యత. నూలు గుడ్డలకి ఒక అధికారి, ఈకలకి ఒకరు, తేనెకి ఒకరు. వీళ్ళందరి మీద ఒక పెద్ద అధికారి. చదువుతుంటే నా పాత ఆఫీసు గుర్తొచ్చింది.

ఇవన్నీ మనకి తెలిసింది ఒక పుస్తకం వల్ల. రెలాసియోన్ దె మిచోవాకాన్ అంటారు. మిచోవాకాన్ వృత్తాంతం అని అర్థం. వైస్రాయ్ ఆంతోనియో దె మెందోసా కోరితే ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1540 ప్రాంతంలో తయారుచేశాడు. ఆయన పేరు పుస్తకంలో లేదు. హెరోనిమో దె అల్కాలా అయివుంటాడని ఇరవయ్యో శతాబ్దపు పరిశోధకులు తేల్చారు. పురెపెచా పెద్దలు, పూజారులు వాళ్ళ భాషలో చెబుతుంటే ఆయన స్పానిష్‌లో రాసుకున్నాడు. ప్రతి ఇప్పుడు స్పెయిన్‌లోని ఎస్కొరియల్ గ్రంథాలయంలో ఉంది. మూడు భాగాల పుస్తకం. దేవుళ్ళ గురించి, పండగల గురించి రాసిన మొదటి భాగంలో ఒక్క ఆకు తప్ప అంతా పోయింది. నేను చదివింది ఇంగ్లీషు అనువాదం, మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ పాత పుస్తకాల కొట్లో కొని తెచ్చిపెట్టాడు.

అందులోనూ శకునాలున్నాయి. స్పానిష్ వాళ్ళు రాకముందు నాలుగేళ్ళ నుంచి గుళ్ళు వాటంతటవే తగలబడ్డాయట. బాగుచేస్తే మళ్ళీ తగలబడ్డాయట, గోడలు కూలాయట. ఆకాశంలో రెండు పెద్ద తోకచుక్కలు కనపడ్డాయట. ఉకారెయో అనే ఊళ్ళో ఒక దొర ఉంపుడుగత్తెను ఒక గద్ద ఎత్తుకుపోయి దేవతల సభ దగ్గర దించిందట. ఆ సభలో దేవతలు, కొత్త మనుషులు పుట్టారు, వాళ్ళు వస్తున్నారు, ఇక మనకి నైవేద్యాలు ఉండవు, సారా కుండలు పగలగొట్టండి, డోళ్ళు పక్కన పెట్టండి అని తీర్మానించారట.

మొదటిసారి చదివినప్పుడు, చూశావా, నేను కాలేజీలో చెప్పింది నిజమే అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు తేదీ చూశాను. అది నా పాత అలవాటు.

ఆ అలవాటు ఎక్కడ నేర్చుకున్నానో చెబుతాను. సర్వీసులో ఒకసారి ఒక డిపోకి లోకల్ ఆడిట్‌కి వెళ్ళాం. వానాకాలంలో ఒక షెడ్డు కప్పు కూలి, కంబళ్ళు చాలా తడిసి పాడైపోయాయి. నష్టాన్ని రద్దుచెయ్యమని కాగితాలు పెట్టారు. ఫైల్లో ఒక హెచ్చరిక ఉంది, "షెడ్డు కప్పు బలహీనంగా ఉంది, వర్షాలకి కూలే ప్రమాదం ఉంది" అని. దానిమీద తేదీ ఏప్రిల్. కూలింది ఆగస్టులో. అంటే డిపో వాళ్ళు ముందే హెచ్చరించారు, తప్పు వాళ్ళది కాదు. నా పక్కన కూర్చున్న సీనియర్ అకౌంటెంట్ ఆ కాగితం అడుగున వేలు పెట్టి చూపించారు. ప్రభుత్వ ఫారాలకి కింద మూలలో ఎప్పుడు అచ్చువేశారో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ ఫారం అచ్చయింది అదే ఏడాది సెప్టెంబర్‌లో. ఏప్రిల్ నాటి జోస్యం సెప్టెంబర్ కాగితం మీద ఉంది.

ఆయన ఒకటే చెప్పారు: "ముందే చెప్పాం అన్న కాగితం కనపడితే ముందు అది ఎప్పుడు పుట్టిందో చూడు. తర్వాత, అది ఎవరిని కాపాడుతోందో చూడు."

ఇప్పుడు పురెపెచా శకునాలకి ఆ రెండు పరీక్షలు పెట్టి చూద్దాం. శకునాలు జరిగాయని చెప్పే కాలం 1520కి ముందు. అవి కాగితం మీదికెక్కింది 1540 ప్రాంతంలో. అంటే రాజ్యం పోయాక, రాజు పోయాక, గుళ్ళు పడగొట్టాక. అంతకు ముందు రాసిన కాగితం ఒక్కటి లేదు. అజ్టెక్ రాజు మొక్తెసూమా చూశాడని చెప్పే శకునాల సంగతీ ఇంతే. అవి కూడా ఓటమి తర్వాత దశాబ్దాలకి సన్యాసుల పర్యవేక్షణలో రాసినవే. ఓడిపోకముందు వాళ్ళు శకునాలు చూసి హడలిపోయారని నేను ఆ పిల్లకి చెప్పింది సెప్టెంబర్ కాగితాన్ని చూసే.

మరి ఆ ఏళ్ళలో నిజంగా ఏం జరిగింది? అదే పుస్తకంలో ఉంది. స్పానిష్ దాడి మొదలయ్యాక అజ్టెక్కుల రాయబారులు సహాయం కోరుతూ పురెపెచా రాజు సువాంగువా దగ్గరికొచ్చారు. పాత శత్రువులు. రాజు వెంటనే నమ్మలేదు, తన మనుషుల్ని పంపి వాకబు చేయించాడు, మంత్రులతో చర్చించాడు, చివరికి సాయం చెయ్యలేదు. ఇంతలో మశూచి వచ్చింది. స్పానిష్ సైనికుడు ఒక్కడు ఆ రాజ్యంలో యుద్ధానికి దిగకముందే 1520లో రాజు ఆ రోగంతో పోయాడు. ఆయనతోపాటు పూజారులు, దొరలు, లెక్కలేనంతమంది జనం పోయారు. కొడుకు తంగాషువాన్ చిన్న వయసులో గద్దెకెక్కాడు. తిమాస్ అనే పెద్దమనిషి మాట విని సొంత అన్నదమ్ముల్ని చంపించాడు. మళ్ళీ వచ్చిన అజ్టెక్ రాయబారుల్ని, ఆ మాటేదో పోయిన మా నాన్నకే చెప్పండని బలి ఇప్పించాడు. వీళ్ళని దేవతల్లా చూపించే ఉద్దేశం నాకు లేదు. నరబలులున్నాయి, క్రూరత్వం ఉంది.

1521 ఆగస్టులో అజ్టెక్ రాజధాని కూలిపోయింది. 1522లో క్రిస్టోబల్ దె ఒలీద్ దళంతో వచ్చాడు. అదే తిమాస్ ఇంకొందరితో కలిసి, వీపుకి రాగి కట్టుకుని సరస్సులో దూకి చావమని రాజుకి సలహా ఇచ్చాడు. రాజు దూకలేదు. ఉరువాపాన్ పారిపోయాడు, తర్వాత తిరిగొచ్చి లొంగిపోయాడు. రోగంతో సగం ఖాళీ అయిన దేశం, కళ్ళముందే బూడిదైన పొరుగు రాజధాని. ఈ రెండూ చూసి ఒక మనిషి చేసిన లెక్క అది. తోకచుక్క చూసి చేసింది కాదు. స్పానిష్ వాళ్ళు బంగారం బంగారం అని వెంటపడుతుంటే, వీళ్ళు దీన్ని తింటారు కాబోలు, లేకపోతే ఇంత ఎందుకు అని ఆయన ఆశ్చర్యపోయాడట. ఊహ తప్పే, కానీ చూసినదాన్ని బట్టి చేసిన ఊహ. ఆ రోజు కాలేజీలో నా ఊహకి ఆ పాటి ఆధారం కూడా లేదు.

రెండో తప్పు, వాళ్ళకి శాస్త్రం లేదన్నాను. పడమటి మెక్సికోలో క్రీ.శ. 7వ శతాబ్దం నాటికే రాగి పని మొదలైంది. దక్షిణ అమెరికా తీరం నుంచి, బహుశా ఇప్పటి ఈక్వడార్ వైపు నుంచి, సముద్రం మీద వచ్చిన విద్య అని డొరతీ హాస్లర్ అనే శాస్త్రవేత్త వివరించారు. వీళ్ళు దాన్ని తమ పద్ధతిలో పెంచుకున్నారు. రాగిలో తగరం కలిపారు, ఆర్సెనిక్ ఉన్న ఖనిజం కలిపారు. గొడ్డళ్ళు, సూదులు, పట్టకార్లు చేశారు. గంటలకైతే కావలసినదానికంటే ఎక్కువ తగరం వేసేవారు, బంగారు రంగు రావాలని. లోహంలో వాళ్ళకి ముఖ్యం మోత, రంగు. మైనంతో అచ్చు చేసి, మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి వాళ్ళకి బాగా తెలుసు. మన శిల్పులు పంచలోహ విగ్రహాలు పోసేది కూడా ఈ పద్ధతిలోనే.

నేను పనిచేసింది రక్షణ శాఖలో కాబట్టి తర్వాత సంగతి మరీ ఆసక్తిగా చదివాను. స్పానిష్ వాళ్ళకి ఫిరంగులు పోయడానికి రాగి కావలసివచ్చింది. రాగి కరిగించడం వచ్చిన మనుషులు వాళ్ళ దగ్గర లేరు. ఆ పని స్థానికుల మీదే ఆధారపడింది. దక్షిణాన గెరెరో ప్రాంతంలో ఎల్ మాంచోన్ అనే చోట తవ్వకాల్లో, స్పానిష్ పాలన మొదలయ్యాక కూడా స్థానిక పనివాళ్ళు తమ కొలుములు నడిపిన ఆనవాళ్ళు దొరికాయి. శాస్త్రం లేదని నేను కొట్టిపారేసిన జనం దగ్గర, గెలిచినవాళ్ళు ఫిరంగి కోసం చెయ్యి చాచారు.

ఇప్పుడు రెండో పరీక్షకి వద్దాం. కాగితం ఎవరిని కాపాడుతోంది?

పడమటి మెక్సికో చరిత్రలో తేదీ సరిగ్గానే ఉన్న ఒక దుర్మార్గపు ఫైలుంది. లొంగిపోయి, బాప్తిస్మం తీసుకుని, ఎనిమిదేళ్ళు కప్పం కట్టిన తంగాషువాన్‌ని నున్యో దె గుస్మాన్ అనే అధికారి 1530లో విచారణకి పెట్టాడు. స్పానిష్ వాళ్ళని చంపించాడని, బంగారం దాచాడని, కుట్ర చేశాడని ఆరోపణలు. చిత్రహింసలు పెట్టి సాక్ష్యాలు రాబట్టారు. అన్నీ కాగితం మీదికెక్కాయి. ఫిబ్రవరి 14న రాజుని చంపి తగలబెట్టారు. ఆ విచారణ రికార్డు ఇప్పటికీ ఉంది. ఫైలు పక్కాగా ఉంది, మనిషి బూడిదయ్యాడు. గుస్మాన్ అక్కణ్ణించి ఇప్పటి హలిస్కో, నయారిత్, సినలోవా ప్రాంతాల మీద పడి ఊళ్ళు తగలబెట్టుకుంటూ, మనుషుల్ని బానిసలుగా పట్టుకుంటూ పోయాడు. అతని దుర్మార్గం స్పానిష్ ప్రభుత్వానికే మింగుడుపడక 1537లో అతన్ని అరెస్టు చేశారు.

గుస్మాన్ నాటిన విత్తనం 1540లో మొలిచింది. కాష్కాన్ మొదలైన జాతులు తిరగబడ్డాయి. మిష్తోన్ యుద్ధం అంటారు. వాళ్ళలో కూడా ప్రవక్తలు బయల్దేరి, పూర్వీకులు తిరిగొస్తారు, ముసలివాళ్ళు పడుచువాళ్ళవుతారు అని చెప్పారట. మెక్సికో ఆక్రమణలో పేరుమోసిన పెద్రో దె అల్వరాదో ఈ యుద్ధంలోనే గుర్రం కింద నలిగి 1541లో చచ్చాడు. చివరికి వైస్రాయ్ మెందోసా స్వయంగా వేలాది మూలవాసీ సైనికుల్ని వెంటబెట్టుకొచ్చి 1542కి అణిచేశాడు. ఆ సైనికులు తలాస్కలా వాళ్ళు, అజ్టెక్కులు, ఇంకా ఇతరులు. స్పానిష్ వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

మరి గ్వాదలహారా పట్నాన్ని కాపాడింది ఎవరని స్పానిష్ కథనాలు చెబుతాయి? తెల్లగుర్రం మీద ప్రత్యక్షమైన సెయింట్ జేమ్స్! ఖర్చు రాసింది మూలవాసుల పేర, జమ వేసింది ఆకాశం నుంచి దిగిన రౌతు పేర. ఏ ఆడిటరూ ఈ పద్దు పాస్ చెయ్యడు. నేను ఆ రోజు "గుప్పెడు మంది చేతిలో ఓడిపోయారు" అన్నాను చూశారా, అది కూడా ఆ పద్దు నుంచి వచ్చిన మాటే. గెలిచినవాళ్ళ మూఢనమ్మకం అని తెలియక దాన్ని చరిత్ర అనుకుని అప్పజెప్పాను.

మనలాంటివాళ్ళకి ఇబ్బంది కలిగించే సంగతి ఇంకొకటి చెప్పాలి. 1520ల మధ్యలో వచ్చిన ఫ్రాన్సిస్కన్ సన్యాసులు త్సిన్‌త్సున్‌త్సాన్‌లో విగ్రహాల్ని పగలగొట్టి సరస్సులో పారేశారు. ఇవి దేవుళ్ళు కావు, ఉత్త రాళ్ళు, కొయ్యలు అన్నారు. యాకాతాల చెక్కుడు రాళ్ళు ఊడదీసి మఠం కట్టుకున్నారు. ఇప్పటికీ ఆ గోడల్లో ఆ రాళ్ళు కనపడతాయి. ఉత్త రాళ్ళు అనే మాట మనం కూడా అంటాం. ఒకప్పుడైతే ఈ భాగం చదివి భేష్ అనుకునేవాణ్ణేమో. కానీ వెనకాల సైన్యం నిలబడి ఉండగా, మన రాతికి బదులు వాళ్ళ రాయిని పగలగొట్టడం హేతువాదం కాదు. అది పార్టీ మారిన మూఢనమ్మకం.

సరే, పురెపెచా పెద్దలు చెప్పిన శకునాలు ఎవరిని కాపాడుతున్నాయి? రాసుకున్న సన్యాసికి లాభమే. మీ దేవతలే సభ పెట్టి, మా పని అయిపోయింది, నైవేద్యాలు మానండి అన్నారంటే ఆయనకి ఇంకేం కావాలి? లొంగిపోయిన దొరలకీ కొంత లాభమే, అంతా రాసిపెట్టి ఉంది, మా చేతుల్లో ఏముంది అనుకోవచ్చు. డిపో హెచ్చరికకీ దీనికీ తేడా లేదని రాసేసి ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ నా సొంత ఇంట్లో జరిగినది ఒకటి అడ్డం వచ్చింది.

మా తమ్ముడు 1991లో పోయాడు. వాడికి ఇరవై ఆరేళ్ళు. తెనాలి దగ్గర మా ఊళ్ళో మామూలు జ్వరమే అనుకున్నాం. మలేరియా మెదడుకెక్కింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. దినాలు అయ్యాక ఒక సాయంత్రం అమ్మ వసారాలో కూర్చుని అంది: "ముందురోజు సందెవేళ దీపం మూడుసార్లు ఆరిపోయిందిరా. పెరట్లో కాకి ఒకటే అరుపు. నాకప్పుడే తెలుసు."

నేను అప్పటికే సంఘంలో చేరాను. ఊరుకోలేకపోయాను. "అప్పుడే తెలిస్తే అప్పుడే చెప్పొచ్చు కదా అమ్మా? ఒకరోజు ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళం" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికింది. తమ్ముడి మాట నా ముందు మళ్ళీ ఎత్తలేదు. మా చెల్లెలి దగ్గర, ఇరుగమ్మ పొరుగమ్మల దగ్గర చెప్పుకునేదట.

నా తర్కంలో తప్పు లేదు. దీపం గాలికి రోజూ ఆరుతుంది, కాకి రోజూ అరుస్తుంది. ఏమీ జరగని రోజున వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఏదైనా జరిగాక వెనక్కి వెళ్ళి ఏరుకొస్తాం. ఇది నేను ఎన్ని సభల్లో చెప్పానో! కానీ అమ్మ ఆ సాయంత్రం నాకు జోస్యం రుజువు చెయ్యడానికి కూర్చోలేదు. నేను కాస్త జాగ్రత్తగా ఉంటే వాడు బతికేవాడా అన్న ప్రశ్న ఆమెను తినేస్తోంది. అదంతా రాసిపెట్టి ఉందనుకుంటే ఆ ప్రశ్న నుంచి కాస్త ఊపిరాడుతుంది. నేను సరిగ్గా ఆ ప్రశ్ననే తీసి ఆమె చేతిలో పెట్టాను.

మిచోవాకాన్‌లో సన్యాసి ఎదుట కూర్చుని తోకచుక్కల గురించి చెప్పిన పెద్దలు ఎవరో ఆలోచించండి. ఇరవై ఏళ్ళలో వాళ్ళు తల్లిదండ్రుల్ని, పిల్లల్ని, రాజుని, గుళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు. మెక్సికో మొత్తం మీద వందేళ్ళలో మూలవాసుల జనాభా పదింట తొమ్మిది వంతుల దాకా తగ్గిందని చాలామంది చరిత్రకారుల అంచనా. మశూచి తర్వాత 1545లో, మళ్ళీ 1576లో కోకోలిస్త్లి అనే మహమ్మారి వచ్చింది. ఓహాకా ప్రాంతంలో 1545 నాటి మృతుల పళ్ళని పరీక్షించి, వాటిలో ఒక రకం సాల్మొనెల్లా క్రిమి జాడలు కనిపెట్టామని 2018లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ పెద్దలకి క్రిమి సంగతి తెలియదు. తెలిసినా, ఏ కారణమూ లేదు, ఎవరూ తలపెట్టలేదు, ఒక క్రిమి వచ్చి మీ వాళ్ళందర్నీ తీసుకుపోయింది అంటే తట్టుకోగలిగేవారా? దేవతలు సభ పెట్టి నిర్ణయించారు అంటే కనీసం ఒక సభ జరిగింది, ఎవరో ఆలోచించారు.

అందువల్ల శకునం నిజమైపోదు. 1540లో చెప్పింది 1520కి సాక్ష్యం కాదు. ఆ మాటలో నేను ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గను. కానీ వెనక తేదీ వేసిన కాగితాలన్నీ ఒకటి కావు. డిపో కాగితం తప్పు చేసినవాణ్ణి కాపాడుతుంది. సెయింట్ జేమ్స్ తెల్లగుర్రం హత్యల్ని కప్పిపెడుతుంది. వాటిని బయటపెట్టాలి, గట్టిగానే. మా అమ్మ కాకి ఎవరినీ మోసం చెయ్యలేదు. దాన్ని సాక్ష్యంగా ఒప్పుకోనక్కర్లేదు, ఆ చెప్పే మనిషిని బోనెక్కించనూ అక్కర్లేదు. పక్కన కూర్చుని, "నీ తప్పేం లేదమ్మా, ఆ జ్వరం మనకెవరికీ అర్థం కాలేదు" అని ఉంటే అదే నిజమూ అయ్యేది, అదే హేతువాదమూ అయ్యేది.

చివరి తప్పు, చరిత్రలో కలిసిపోయారన్నాను. కలిసిపోలేదు. కాష్కాన్ నాయకుడు తెనామాస్త్లెని బంధించి స్పెయిన్ పంపిస్తే, అతను లాస్ కాసాస్ సహాయంతో 1555లో రాజుగారి మండలి ముందే తమకి జరిగిన అన్యాయం మీద న్యాయం అడిగాడు. కొండల్లోని కోరాలు 1722 దాకా స్పానిష్ పాలనకి లొంగలేదు. హుయిచోల్‌లనే విషారికా ప్రజలు ఇప్పటికీ ఏటా తూర్పున విరికూతా ఎడారికి యాత్ర చేస్తారు. అక్కడ వెండి గనులకి అనుమతులిస్తే కోర్టులకెక్కి ఆపించారు. ఆ యాత్రామార్గాన్ని 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పురెపెచా భాష మాట్లాడేవాళ్ళు 2020 జనాభా లెక్కల్లో లక్షా నలభై వేల పైచిలుకు.

2011 ఏప్రిల్ 15న చెరాన్ అనే పురెపెచా ఊళ్ళో, సాయుధ ముఠాల అండతో అడవిని నరుక్కుపోతున్న లారీలకి తెల్లవారుజామున ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. చర్చి గంటలు మోగించి ఊరిని లేపారు. ఆ తర్వాత పార్టీలు వద్దన్నారు, తమ పాత పద్ధతిలో తామే పాలించుకుంటామని కోర్టుకెళ్ళి గెలిచారు. అడవి మళ్ళీ నాటుకుంటున్నారు. నేను కాలేజీలో వాళ్ళు అంతరించిపోయారని చప్పట్లు కొట్టించుకున్నది ఇది జరిగిన ఏడాదిన్నరకి.

ఆ అమ్మాయి ఇప్పుడు ముప్ఫైకి దగ్గర పడి ఉంటుంది. ఎక్కడుందో, పేరేమిటో కూడా నాకు తెలియదు. అమ్మా, ఇది కనపడితే ఆ రోజు నేను చెప్పిన జవాబుని రద్దు చేసుకో. నీ ప్రశ్నకి సరైన జవాబు ఇది: వాళ్ళకి ముందు తెలియలేదు, ఎవరికీ తెలియదు. ముందే తెలుసన్నది అంతా అయిపోయాక రాసింది.

మా అమ్మకి వెయ్యాల్సిన పద్దు మాత్రం మిగిలిపోయింది. ఆ ఖాతా 2009లో మూతపడింది.